మల్సున్ అంగడిలో ఇంజొల్మి

కొరియాలోని గ్వేసాన్ సంతవీధిలో మల్సున్ అంగడి దాటుతుంటే వేడి ఆవిరి మొహానికి కొట్టేది. అత్తగారు పోయాక ఆ అంగడి ఆమె చేతికొచ్చింది. జిగురుబియ్యం ఉడికించి, దంచి, ముక్కలు కోసి, వేయించిన సోయా పొడిలో దొర్లిస్తే ఇంజొల్మి. వేడి ముక్క ఒకటి ఊరికే చేతిలో పెడితే చాలు, చూసిపోదామని ఆగినవాళ్లు కూడా డబ్బా కట్టించుకుని వెళ్లేవాళ్లు.

గొడుగులు బాగుచేసే ప్యో ముసలాయన ప్రతి సంతకూ వచ్చేవాడు. ఒక చలికాలపు సంతనాడూ వచ్చాడు. మల్సున్ పొగలు కక్కే ముక్కొకటి తీసి అందించింది.

"తిను బాబాయ్, చల్లారితే ఏం బాగుంటుంది?"

"నువ్విలా మేపితే మీ పిన్ని వండింది ఎవరు తింటారే?" అని నవ్వుతూ నోట్లో వేసుకున్నాడు.

నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. చేతులు గొంతు దగ్గరికి వెళ్లాయి. మల్సున్ వీపు చరిచింది, నోట్లో వేళ్లు పెట్టి లాగబోయింది, వీధంతా వినపడేలా కేకలు వేసింది. అంబులెన్సు జనాన్ని తప్పించుకుని వచ్చేసరికి ఆయన ఆమె ఒళ్లోనే పోయాడు.

ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. పోలీసులు కూడా ప్రమాదమేనని తేల్చి వెళ్లారు. కానీ జనం వీధికి అవతలి పక్కగా నడవసాగారు. పిల్లల తల్లులు మూలమీది బేకరీలో మెత్తని కేకులు కొనుక్కున్నారు. మల్సున్ ముక్కలు చిన్నవి చేసింది, ఇంకా చిన్నవి చేసింది. అవి పళ్లెంలోనే ఎండి గట్టిపడ్డాయి.

"నీ చేతి రుచి ఎక్కడికీ పోలేదక్కా," అంది పక్కన నువ్వులనూనె అమ్మే కిల్లే. "కొనేవాళ్లకి ముందు ఏదో ఒకటి కళ్లల్లో మెదలాలి. ఇదివరకు నీ పళ్లెం చూస్తే పెళ్లిళ్లు, పుట్టినరోజులు మెదిలేవి. ఇప్పుడు ముసలాయన మెదులుతున్నాడు."

"నాకు మెదలడం లేదనుకున్నావా?" అంది మల్సున్.

ఏడాది తిరిగేసరికి ప్యో భార్య అంగడికి వచ్చింది. మల్సున్ లేచి నిలబడింది, మొహం ఎత్తలేకపోయింది.

"ఆయన సంవత్సరీకానికి ఇంజొల్మి కావాలమ్మా."

"ఈ చేతులతో ఎలా చెయ్యను పిన్నీ?"

"ఇంకెవరు చేసినా ఆయన ముట్టేవాడు కాదు. నీకు తెలీదూ?"

మల్సున్ ఏడుస్తూనే బియ్యం నానబోసింది. దంచే మిషను వెయ్యకుండా రోకలితో దంచింది.

సంవత్సరీకం మర్నాడు ప్యో కూతురు ఆ ఇంజొల్మి డబ్బా తిరిగి తెచ్చింది. మూత తీస్తే ఒక్క ముక్కా కదల్లేదు.

"అమ్మ మాట కాదనలేక నాన్నకి నైవేద్యం పెట్టే పీట మీద పెట్టాం. తమ్ముడు చూసి లేచి వెళ్లిపోయాడు. నీ మీద కోపం లేదక్కా, మేం చూడలేకపోతున్నాం, అంతే."

"పారెయ్యకుండా తెచ్చావు, అదే చాలమ్మా," అంది మల్సున్.

ఆ పిల్ల వెళ్లాక లోపల బస్తాల మీద కూర్చుని ఒక్కొక్క ముక్కే తింది. నీళ్లలా అయ్యేదాకా నమిలితేగాని మింగడానికి ధైర్యం చాలలేదు. కిల్లే వచ్చి పక్కన కూర్చుంది. తనకీ ఒకటి పెట్టమని మాత్రం అడగలేదు.

కొత్త సంవత్సరం పండుగకి సూపులోకి బియ్యపు బిళ్లలు కొందామని వచ్చిన ఒకరిద్దరు పాత ఖాతాదార్లకి షట్టరు దించి కనిపించింది. మిషనుని పాత ఇనుము వాళ్లు పట్టుకుపోయారు. మల్సున్ ఇప్పుడు బస్టాండు పక్క హోటల్లో వెల్లుల్లి ఒలుస్తోంది. అక్కడెవరైనా తింటూ దగ్గితే ఆమె చేతిలో కత్తి ఆగిపోతుంది.