లండన్‌లో పేడ యాడిది తాతా?

నా చిన్నప్పుడు మా ధర్మవరం మొత్తానికి టీవీ చూసిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఊరంతా ఆయన్ను లండన్ తాత అనేది. దొరల ఇంట్లో వంటకు కుదిరి, వాళ్ళు దేశం వదిలిపోతూ రమ్మంటే వెంట వెళ్ళి, కొన్నేళ్ళుండి, ఆ చలికి తట్టుకోలేక తిరిగొచ్చిన సాయిబు. వచ్చాక వాళ్ళ నాయన చేసిన పనే మళ్ళీ మొదలుపెట్టాడు, పట్టుకు రంగులు వేయడం. ఆయన చేతులు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు పచ్చగా ఉండేవి.

ఆ దొరల ఇంట్లో వారం వారం టీవీలో ఒక పోలీసు కథ వచ్చేదట. ఈ వారం దొంగతనం జరిగితే దొంగ దొరికేది ఏ నెల తర్వాతో. ఈయన వంటింటి గుమ్మంలో నిలబడి చూసేవాడట. ఇంగ్లీషు సగమే అర్థమయ్యేదనీ, మిగతా సగం ఈయన కల్పనేననీ మా తాతయ్య ఎగతాళి చేసేవాడు. చేస్తేనేం, రంగు వేసిన పట్టు తీసుకుని లండన్ తాత సాయంత్రం మా ఇంటికి వచ్చాడంటే, ముందుగా చెవులు రిక్కించేది మా తాతయ్యే. మా ఇంట్లో నాలుగు మగ్గాలు. నేతగాళ్ళు నేస్తూనే వినేవాళ్ళు. సరిగ్గా దొంగ పేరు బయటపడే చోట ఆయన లేచి తువ్వాలు దులుపుకునేవాడు. "ఆడ ఆపితే అన్నం ఎట్ల దిగుతాదప్పా!" అని అందరూ మొత్తుకునేవాళ్ళు. ఆయన కథలన్నిటికీ ముగింపు మాత్రం ఒకటే. టోపీ పెట్టుకున్న పోలీసు అందరినీ హాల్లో కూర్చోబెట్టి, ఒకరి వైపు వేలు చూపించి, చేతులకు బేడీలు వేసేవాడు.

వానల్లేని ఒక ఏడు, హారం పోయిన కథ నడుస్తోంది. పెద్ద బంగళా, దొరసాని హారం మాయం, అనుమానమంతా పనిపిల్ల మీద. కథ అక్కడిదాకా వచ్చేసరికి మా ఇంట్లోనే జరీ దారం చుట్టిన కండె ఒకటి పోయింది.

మామూలు జరీ కాదది, పెండ్లి చీర కొంగుకని దాచిపెట్టినది. ఆ రోజు అందరికంటే చివర ఇంటికి వెళ్ళింది మా పక్కింటి అక్క. తండ్రి లేని పిల్ల, మా ఇంట్లో కండెలు చుట్టి తల్లిని సాకుతోంది. రోజూ నాకు జడ వేసేది ఆ అక్కే. మా అవ్వ నోరు ఊరుకునే రకం కాదు, "ఆ పిల్ల తప్ప ఇంకెవరుండారు ఈడ?" అనేసింది. గోడ అవతల వినపడింది. మరుసటి రోజు అక్క రాలేదు. దొంగ అని పేరు బజార్లో పడితే ఊళ్ళో ఏ మగ్గం ఇంట్లోనూ ఆమెను గడప తొక్కనివ్వరు. ఆ సంగతి చిన్నపిల్లనైన నాకూ తెలుసు. జడ విప్పుకుని కూర్చుని ఏడ్చాను. అవ్వ వేస్తానంటే వేయించుకోలేదు.

సాయంత్రం లండన్ తాత వచ్చాడు. విషయం విన్నాడు. కూర్చుని హారం కథే ఎత్తుకున్నాడు. పోలీసు అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు. ఇంకేముంది, బేడీలే అనుకున్నాం.

"అప్పుడా పోలీసాయన ఏమన్నాడంటే, రేపు పొద్దున అందరూ తలా ఒక పేడముద్ద తేవల్ల, ఆ తొట్లో వెయ్యల్ల అన్నాడు."

మగ్గాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. "లండన్‌లో పేడ యాడిది తాతా?" అన్నాడు ఒక నేతగాడు.

"దొరలు పాలు తాగరా? ఆ ఆవులు పేడ ఎయ్యవా ఏం?" అని కసిరాడు లండన్ తాత. ఇల్లంతా ఘొల్లుమంది. ఆ నవ్వులోనే ఆయన మిగతాది చెప్పేశాడు. ముద్దలన్నీ నీళ్ళలో కలిపితే హారం దొరికింది. ఏ ముద్దలోదని పోలీసు అడగలేదు. ఒక్కరు తక్కువైనా లెక్కకు రాదని, ఆ పనిపిల్లను కూడా దొరసానే వెళ్ళి పిలుచుకొచ్చింది.

మా తాతయ్య నవ్వలేదు. "రేపు మనమూ అట్లే చేస్తాం" అన్నాడు.

తెల్లారి అవ్వే పక్కింటికి వెళ్ళింది. ఏం చెప్పి బతిమాలిందో గానీ అక్క వచ్చింది, కళ్ళు వాచి ఉన్నాయి. నేతగాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, తాతయ్య, అవ్వ, నేను, ఆఖరికి లండన్ తాత కూడా, అందరం ఆముదపాకు కప్పిన పేడముద్దలు తెచ్చి తొట్టిలో వేశాం. బావి అడుగంటిన రోజుల్లో రెండు బిందెల నీళ్ళు పేడపాలు అని అవ్వ గొణిగింది. లండన్ తాత మోచేతిదాకా చేయి పెట్టి అంతా కలిపేశాడు. ఆకులో గట్టిగా చుట్టిన జరీ కండె ఆయన చేతికి తగిలింది. పైవరసలు కొంచెం పాడయ్యాయి గానీ లోపల జరీ బాగానే ఉంది.

నాకు ఒకటే ఆరాటం. ఎవరి ముద్ద పెద్దదిగా ఉండింది, ఎవరి చేతులు వణికాయి అని నెమరేసుకుంటున్నాను. ఈలోపు అవ్వ ఆ పేడనీళ్ళతోనే వాకిలంతా అలికేసింది. అందరం దాని మీదే అటూ ఇటూ తిరిగాం. అవ్వ అక్కను పిలిచి, తన చేత్తో తలలో కనకాంబరాలు పెట్టి, "నా నోరు మంచిది కాదమ్మా, మనసులో పెట్టుకోవాకు" అంది. అక్క ఏడ్చింది. ఏడుస్తూనే నాకు జడ వేసింది, ఆ రోజు జడ వంకరగా వచ్చింది.

లండన్ తాత చేతులు కడుక్కుంటుంటే వెళ్ళి చెవిలో అడిగాను, తీసింది ఎవరని.

"నాకూ తెలీదు బేటీ. తెలుసుకుంటే రోజూ ఆ మొగం చూడల్ల గదా."

"మరి ఆ కథలో హారం తీసింది?"

ఆయన చేతులు తువ్వాలుతో తుడుచుకున్నాడు. "టీవీలో ఆ పనిపిల్లకే బేడీలేసినారు. ఏడ్చుకుంటా పోయింది. ఆ పొద్దు నాకు కూడు దిగలా. ఇన్నేండ్లకు ఆ పిల్లను విడిపించినా."

ఇప్పుడు నా మనవరాలు ఫోన్లో ఆ కాలపు ఇంగ్లీషు పోలీసు కథలు చూస్తుంది. నన్నూ పక్కన కూర్చోబెట్టుకుని, "దొంగ ఎవరో చెప్పు అవ్వా" అని పందెం కడుతుంది. ప్రతిసారీ ఓడిపోతాను. పోలీసు అందరినీ హాల్లో కూర్చోబెట్టగానే దొంగ మాట మరిచిపోయి, ఆ ఇంట్లో తొట్టి తెచ్చి పెట్టే మనిషి ఒక్కరైనా ఉన్నారా అని వెతుకుతూ ఉంటాను.