పడుగులోంచి లాగిన పుల్ల

పెళ్లికి ముందునుంచీ ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా వారికి తెలియదు. ఇది చదువుతున్న మీకే మొదట చెబుతున్నాను. చెప్పగలనా? ఆగితే ఇంకెప్పుడూ రాయలేను.

ఈ సాయంత్రం నా కూతురు ఒడి నిండా కానుగ కాయలు తెచ్చి, చిన్నవీ పెద్దవీ వేరుచేసి వాకిట్లో వరస పెట్టింది. ఎవరూ నేర్పలేదు! సంబరంతో దాన్ని ఎత్తుకుని తిప్పాను. ఆ సంబరంలోనే, ఒకప్పుడు నా దగ్గర చదివిన లక్షుమ్మ గుర్తుకొచ్చింది.

మద్రాసులో చదువు ముగించి, మైదుకూరు దగ్గర ఒక నేతగాళ్ల ఊళ్లో పసిపిల్లల బడికి పంతులమ్మగా వెళ్లాను. బడి అంటే ఒక చీకటి గది. పిల్లల్ని బయటికి తీసుకుపోతానంటే ఊరి పెద్దలు నవ్వారు.

"బయట తిరిగేదానికి బడి యాలమ్మా? మేకల్ని తోలుకోని పోతే చాలదా?"

నా వల్ల చిన్న తప్పు జరిగినా మళ్లీ గదిలోకే అన్న షరతు మీద ఒప్పుకున్నారు. అబ్బా, ఆ ఉదయాలు! వాగు ఇసుకలో అక్షరాలు, గులకరాళ్లతో కూడికలు, తంగేడు పూలతో రంగులు. పిల్లలకంటే నేనే ముందు పరుగెత్తేదాన్ని.

ఒకరోజు నేతవీధికి వెళ్లాం. లక్షుమ్మ వాళ్ల నాయన వీధి పొడవునా పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, సాచి గంజి పట్టిస్తున్నాడు. పోగుల వరస చెదరకుండా మధ్యమధ్య వెదురు పుల్లలు దూర్చి ఉన్నాయి. ఒక పోగు పైన, ఒక పోగు కింద. పిల్లలు కేరింతలు కొడుతూ లెక్కపెడుతున్నారు. ఆయన ఇంకాస్త గంజి కోసం లోపలికి వెళ్లాడు. పోగులు ఎలా విడిపోతాయో చూపిద్దామని నేను ఒక పుల్ల పట్టుకున్నాను.

"వద్దు పంతులమ్మా!" అని అరిచింది లక్షుమ్మ.

అప్పటికే లాగేశాను. తడి పోగులు ఒకదానికొకటి అంటుకుని వరసంతా చిక్కుపడిపోయింది.

"ఎవురు లాగినారు?" అన్నాడు వాళ్ల నాయన, బయటికి వస్తూనే.

చీకటి గది కళ్ల ముందు మెదిలింది. "మీ పాపే" అన్నాను.

"నేను గాదు నాయనా!"

"మగ్గమింట్లో పుట్టి పుల్ల పెరుకుతావా? పైగా పంతులమ్మ అబద్దం చెప్తాందంటావా?" వీపు మీద ఒకటి పడింది. "సదివింది చాల్లే. రేపట్నుంచి ఇంట్లో కండెలకు నూలు చుట్టు."

మిగతా పసివాళ్లు నా ముఖమే చూస్తూ వెనక్కి జరిగారు. లక్షుమ్మ కూడా నన్నే చూసింది. ఏడవలేదు.

ఆరుబయట బడి ఆగకుండా నిలబడింది. ఊరి పెద్దలు శభాష్ అన్నారు. ఆ వీధిలోనే పిల్లల్ని నడిపించేదాన్ని. గుమ్మంలో కండెలు చుడుతూ లక్షుమ్మ మా లెక్కలకు పెదవులు కదిపేది. నిజం చెప్పడానికి ఎన్ని ఉదయాలు దొరకలేదు? భయమా? అంతా భయమేనంటే అది ఇంకో అబద్ధం. ఇంతమంది పిల్లలు ఆనందంగా నేర్చుకుంటున్నారు, పోయింది ఒక్కతే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

రేపు నా కూతురి మీద ఏ పంతులమ్మో ఇలాగే చెబితే? నేను ఎవరిని నమ్ముతాను?

క్షమించమని మిమ్మల్ని అడగను. అది అడగాల్సిన మనిషి వేరే ఉంది, ఎక్కడుందో తెలియదు. ఆ రోజు లక్షుమ్మ నిజమే చెప్పింది. పుల్ల లాగింది నేను.

రాసేశాను! ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.