దిష్టి కాయల గుంత

మా ఎదురింటి అత్త ఆయుధ పూజ అయిన తొమ్మిదవ నాడు కన్నుమూశారు. గుండె ఆగిపోయిందని వైద్యుడు చెప్పాడు. అయితే వాకిట్లో పాడె కట్టకముందే మా వీధి మరో కారణం కనిపెట్టింది. "దిష్టి తీసిన కాయల్ని ముట్టుకుంటే ఊరికే పోతాదా?" అన్నాడు మూలమీది మెకానిక్. నలుగురు తలలూపారు. అప్పటినుండి నాకు అన్నం సయించడం లేదు. దుఃఖం కన్నా కోపమే ఎక్కువ.

తమిళనాట మా ధర్మపురిలో ఆయుధ పూజ నాడు ప్రతి దుకాణం ముందూ, ప్రతి లారీ ముందూ బూడిద గుమ్మడికాయ పగులుతుంది. కుంకుమ నింపి, దిష్టి తిప్పి, నడిరోడ్డున కొట్టి, వెనక్కి చూడకుండా పోతారు. మరునాడు ఆ ముక్కల మీద బండ్లు జారుతాయి. మూడవ నాటికి ఈగలు. ముట్టుకుంటే దిష్టి తగులుతుందని ఎవరూ తీయరు. అత్త తీసేవారు. గంపకెత్తి తన పెరటి గుంతలో వేసి ఎరువు చేసేవారు.

"కుప్పమ్మ వస్తాంది, దారి వదలండ్రా!" చెత్తకుప్ప ఎత్తుతుందని వీధి కుర్రాళ్ళు ఆమెకు పెట్టిన పేరది.

ఆమె గంప దించకుండానే అనేవారు: "వదలండి నాయనా, జారి పడతారు. మట్టికి దిష్టి తెలీదు, ఆకలే తెలుసు."

మొదటి సంవత్సరం ఆమె పొరపాటు చేశారు. కుంకుమతో సహా కాయలు గుంతలో వేశారు. ఎండు సరుకేదీ కలపలేదు. నీరు ఊరి, వీధంతా కంపు కొట్టింది. పురపాలక కార్యాలయానికి అర్జీ రాసింది నేనే. దాచను. ముప్పై దాటాక రాత్రి బడిలో చదివి పట్టా పొందినవాణ్ణి; అర్జీ రాయమని వీధి "సార్" అని పిలవగానే పొంగిపోయాను. అంతకుముందు అదే వీధి నన్ను "గడ్డం పిల్లోడు" అని వెక్కిరించినప్పుడు, "కాయ మాగేదానికి దాని కాలం దానికుంటాది, నువ్వు బడికి పో అల్లుడా" అన్నది ఆమె ఒక్కరే.

అర్జీ సంగతి తెలిసినా ఆమె దెబ్బలాడలేదు. కుంకుమను కొబ్బరి చిప్పతో గీకి కడగసాగారు. ఒక వరుస కాయ ముక్కలు, ఒక వరుస వేరుశనగ పొట్టు, పైన పేడ నీళ్ళు, గోనెపట్ట. కంపు పోయింది. కొన్ని నెలలకు నా కరివేపాకు చెట్టు మొదట్లో గంపెడు ఎరువు పోసి, "నీ అర్జీలో అక్షరాలు ముత్యాల మాదిరి ఉండాయంట గదా అల్లుడా!" అని నవ్వారు. నేను తలెత్తలేకపోయాను.

మెకానిక్ ఇంటి మల్లె పందిరి కూడా ఆ ఎరువుతోనే పూసింది. ఆ పూలు దేవుడి పటానికి ఎక్కాయి. అప్పుడు ఎవరికీ దిష్టి గుర్తుకు రాలేదు. అత్త పోయిన పదకొండవ నాడు ఆ మెకానిక్కే మా ఇంటికి వచ్చాడు.

"సార్, ఆ గుంత వీధికి మంచిది కాదు. రాళ్ళు పోసి మూయించాల. అప్పటి మాదిరే ఒక అర్జీ రాయండి."

"రాయను."

"ఏం సార్, చదివినోళ్ళు గదా?"

"చదివినాను కాబట్టే రాయను. ముందు పోయి మీ మల్లె పందిరి పీకేయి. అది తినింది గూడా ఆ దిష్టి కాయలే."

రేపు తామే రాళ్ళ బండి తెస్తామంటున్నారు. తేనీ. నేను ఆ గుంత గట్టునే కూర్చుంటాను.

ఈ ఉదయం ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి అత్త పెరట్లోకి వెళ్ళాను. ఆమె కూతురు గంప తెచ్చి నా చేతికిచ్చింది. గోనెపట్ట ఎత్తాను. అత్త చివరిసారి పరచిన ముక్కలు పొట్టు కింద కరుగుతున్నాయి. చేయి పెట్టి చూశాను. లోపల ఇంకా వెచ్చగా ఉంది.