నాలుగు వేళ్ల ఎడం

పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు దారానికి మైనం పట్టించడం ఆమెకు ఎన్నో ఏళ్ల అలవాటు. వంటింటి తలుపు గడియకు దారం కొస ముడేసి, మైనం ముద్దను బొటనవేలి కింద అదిమి పట్టుకుని గుమ్మం దాకా వెనక్కి నడిచేది, మళ్లీ గడియ దాకా వచ్చేది. నాలుగుసార్లు తిరిగేసరికి దారం తేనెరంగుకు తిరిగి, వేలితో మీటితే సన్నగా మోగేది. అన్నేళ్లలో ఒక్కనాడూ పాలు పొంగిపోలేదు. ఇప్పుడు చేతిలో దారం లేదు. గిన్నె ముందు నిలబడి పాలనే చూస్తూ ఉంటుంది. ఆమె చూస్తుండగానే, కళ్లెదుటే, అవి పొంగి పొయ్యంతా పారతాయి.

ఆ దారం భర్త కోసం. ఊరంతా ఆయన్ని రెక్కల మేస్త్రి అనేవారు. పాత యుద్ధ విమానాలను బాగుచేసి జనం చూడ్డానికి నిలబెట్టే మ్యూజియంలో ఆయన పని. వెనకటి విమానాల రెక్కలు చాలావాటికి రేకు ఉండదు. సన్నటి చెక్క పక్కటెముకలకు రెండువైపులా గుడ్డ కప్పి, పరుపు కుట్టినట్టు వరసలు వరసలుగా కుట్టి, కుట్టు మీద గుడ్డ పట్టీ అంటించి, పైన ఘాటైన ద్రవం ఒకటి పూస్తారు. అది ఆరితే రెక్క డప్పులా బిగుసుకుంటుంది. షెడ్డులో దాన్ని మందు అనేవారు. ఆ వాసనతో ఆయన బస్సెక్కితే పక్కవాళ్లు ముక్కు మూసుకుని లేచిపోయేవారట. తాగినవాడికి కూడా కాస్త చోటిస్తారు గానీ తనకు మాత్రం సీటంతా ఇచ్చేస్తారని ఇంటికొచ్చి నవ్వేవాడు.

మొదట్లో ఆయన గుడారాలు కుట్టేవాడు. ఒక విమానానికి వాన తగలకుండా ముసుగు కుట్టమంటే మూడు రోజుల పనికని వెళ్లాడు. ముసుగు కుట్టాడు, కప్పాడు, కప్పినవాడు ఊరుకోక అంచు ఎత్తి లోపలికి తొంగి చూశాడు. రెక్క చిరిగి, లోపలి ఎముకలు కనిపిస్తున్నాయి. ఇదెవరు కుడతారని అడిగితే, కుట్టేవాళ్లు లేరన్నారు. ఆ మూడు రోజులు ఇరవై ఆరేళ్లయ్యాయి. ఇన్ని రెక్కలు కుట్టి, జన్మలో ఒక్కసారి కూడా ఆయన విమానం ఎక్కలేదు. ఎందుకెక్కవని ఎవరైనా అడిగితే, కుట్టినవాడు ఎక్కితే దానికి మొహమాటం, సరిగ్గా ఎగరదు అనేవాడు.

ఆయన దగ్గర స్కేలు ఉండేది కాదు. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎడమచేతి నాలుగు వేళ్లు. అర వేలు ఎక్కువైనా బ్లేడు పెట్టి కోసేసి మళ్లీ కుట్టేవాడు. రెక్కలకు రంగులేసే పెద్దాయన ఆయనకు తమ్ముడి వరస కట్టుకుని, ఆమెను వదినా అని పిలిచేవాడు. అతనికి ఈ చాదస్తం చూస్తే నవ్వు. ఒకరోజు అననే అన్నాడు.

"అన్నా, ఇది ఎగిరేది కాదు, తాడు కట్టి నిలబెట్టేది. ఎవడు కొలుస్తాడు?"

"ఎగరదని మనకు తెలుసు. దానికి తెలీదుగా."

ఈ కుట్టుకు ఇద్దరు కావాలి. రెక్కను నిలువుగా నిలబెట్టి చెరోవైపు నిలబడతారు. మూరెడు సూది ఇటునుంచి అటు వెళ్తుంది, అటువాళ్లు దారం లాగి మళ్లీ ఇటు తోస్తారు. పై నుంచి మొదలుపెట్టి కిందికి దిగుతూ వస్తారు. రెండేళ్ల కిందట అటువైపు నిలబడే మనిషి పని మానేశాడు. ఆ మధ్యాహ్నం క్యారియర్ తెచ్చిన భార్యను, ఇవాళ్టికి కాస్త నువ్వు పట్టుకో అన్నాడు మేస్త్రి. ఆ ఇవాళ రెండేళ్లు సాగింది.

ఆమె వెనక పెద్ద కిటికీ ఉండేది. ముందు తెల్లటి గుడ్డ. గుడ్డ అవతల భర్త ఉన్నాడనడానికి సూదిమొన ఒక్కటే గుర్తు. మేఘంలోంచి వచ్చినట్టు వచ్చేది. ఆమె లాగి వెనక్కి పంపేది. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని ఎన్నడూ చెప్పుకోని మాటలు అక్కడ చెప్పుకునేవారు. తన చిన్నప్పటి కలలో ఆకాశమంతా ఎండకు ఆరేసిన దుప్పటిలా ఉండేదని ఆయన చెప్పింది అక్కడే. ఆ దుప్పటి ఎవరు మడతపెట్టేవారని ఆమె అడిగితే, చాలాసేపు సూది రాలేదు. తర్వాత వచ్చింది, నవ్వుతో పాటు.

చివరి రెక్కకు చివరి వరస మిగిలింది. పదకొండు కుట్లు అయ్యాయి. పన్నెండోదానికి ఆమె సూదిని అటు తోసింది. అటునుంచి ఎవరూ లాగలేదు. ఊపిరి తీసుకుంటున్నాడు కాబోలనుకుని నిలబడింది. గుడ్డ కదల్లేదు.

రెండు నెలల తర్వాత రంగుల పెద్దాయన ఇంటికి వచ్చాడు. కాఫీ ఇస్తే గ్లాసులోకే చూస్తూ మాట్లాడాడు. ఇంకో పది రోజుల్లో విమానాన్ని జనానికి చూపించాలట. ఆ వరస అలాగే ఉందట. సూదిని కూడా ఎవరూ ముట్టలేదట. మేడమ్ రమ్మంటోంది, నీకు ఇష్టమైతేనే వదినా, అని లేచాడు.

మేడమ్ అంటే మ్యూజియం అధికారిణి. వయసు చూస్తే తన కూతురికంటే రెండేళ్లు పెద్దదేమో. ఆ పిల్ల మనసు మంచిదే. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, చెప్పడానికి కష్టపడింది. ఆ పదకొండు కుట్లలో మూడోది మొదలుకుని ఎడం పెరిగిందట. ఐదు వేళ్లు, ఆరు, ఆరున్నర. స్కేలు పెట్టి చూశారట. పాపం, ఆయన చేతిలో అప్పటికే సత్తువ లేదు.

"మీరే విప్పి మీరే కుట్టండి ఆంటీ. బయటివాళ్లతో విప్పించడం నాకే ఇష్టం లేదు. ఉంచేద్దామంటే, ఆ కొలత ఆయనే ఒప్పుకునేవారు కాదు కదా."

నిజమే, ఒప్పుకునేవాడు కాదు. కానీ ఆ మనిషి చెయ్యి ఆడిన చివరి చోటు అది. దాన్ని కోసిపారేస్తే ఇంక మిగిలేది వంటింటి గడియకు వేలాడే దారపు ముక్క. సరేనమ్మా అంది.

ఆమె మొదటిసారి ఆయన వైపు నిలబడింది. అటునుంచి సూది అందుకోవడానికి మేడమ్ చెప్పులు విప్పి కిటికీ వైపు వెళ్లింది. సగం ఇటు వచ్చి ఆగిన సూది అలాగే ఉంది. రెండు నెలల కిందట తను తోసినదాన్ని తనే లాగింది.

అప్పుడు చూసింది. ఇటునుంచి గుడ్డ తెల్లగా లేదు. కిటికీ వెలుగు రెండు పొరల్లోంచి వడగట్టినట్టు వస్తోంది. అందులో అవతలి మనిషి నీడ, పాలలో తేలే మీగడలా మసగ్గా కదులుతోంది. చెయ్యి, భుజం, జడ. ఆయన కనపడడం లేదని తను అనుకున్న రెండేళ్లూ తను ఆయనకు కనపడుతూనే ఉంది. ముక్కు చీదుకున్నప్పుడూ, కొంగుతో కళ్లు తుడుచుకున్నప్పుడూ.

నాలుగేసి వేళ్ల ఎడంతో కింది దాకా కుట్టింది. ఇక పైన పదకొండు మిగిలాయి. బ్లేడు తీసుకుని స్టూలు ఎక్కి చెయ్యెత్తింది. కుడి భుజం కలుక్కుమంది. అవతల దారం అందుకోవడానికి మేడమ్ కూడా చెయ్యెత్తింది. పైన కాసేపు వణికిన ఆ నీడచెయ్యి భుజం దాకా దిగి ఆగింది.

బ్లేడు ఆగిపోయింది. ఎడమచేతి వేళ్లు కుట్ల మధ్య పెట్టి చూసుకుంది. రెండో కుట్టు దాకా నాలుగు. ఆ తర్వాత ఐదు, ఆరు, ఆరున్నర. సరిగ్గా ఆ నీడ భుజం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ నాలుగు. పదీ పదకొండూ కూడా నాలుగే. సత్తువ పోయిన చెయ్యి మళ్లీ నాలుగుకు ఎలా వస్తుంది?

ఆయన పోయిన రోజు పొద్దున కుడి భుజం పట్టేసి, మైనం ముద్దను ఆమె ఎడమచేతికి మార్చుకుంది. ఆయన వంగి బూట్ల తాడు కట్టుకుంటున్నాడు. చూళ్లేదనుకుంది. ఎత్తలేని చోట ఆమె చెయ్యి ఎక్కువసేపు ఉండకుండా, పెద్ద పెద్ద అంగలేసి సూదిని కిందికి దింపుకొచ్చాడు. అర వేలికి ఒప్పుకోనివాడు.

స్టూలు దిగి, రెక్క చుట్టూ నడిచి మేడమ్ దగ్గరికి వెళ్లింది.

"అవి చేతకాక వేసినవి కాదమ్మా. ఆ రోజు నాకు చెయ్యి లేవలేదు."

మేడమ్ అర్థం కానట్టు చూసింది. ఆమె తన చెయ్యి ఎత్తి, ఎక్కడ ఆగేదో చూపించింది. మేడమ్ ఆ చేతిని, పక్కనున్న కుట్లను మార్చి మార్చి చూసింది. రిజిస్టరు తెరిచింది. కొలత తప్పితే కారణం రాయాలి అంది.

"రాయండి. అవతలి మనిషి భుజం అని."

మేడమ్ ఆ మాటే రాసింది.

సాయంత్రానికి రంగుల పెద్దాయన మందు డబ్బా, బ్రష్షు తెచ్చాడు. తక్కిన వరసలన్నిటి మీదా పట్టీలు ఎప్పుడో అంటుకుని, కింది కుట్లు కనపడకుండా ఉన్నాయి. దీనికి కావలసిన పట్టీని ఆమే పొద్దున కొలిచి కత్తిరించింది. పూయనా వదినా అని బ్రష్షు ముంచి నిలబడ్డాడు. ఆమె పట్టీని వేలికి చుట్టలా చుట్టి, స్టూలు మీద బ్లేడు పక్కన పెట్టింది.