గురక పెట్టిన సాక్షి

తాళాల మేస్త్రిని వీధిలో అందరూ ‘చూసిందెవరు’ అని పిలుస్తారు. ఎవరేం చెప్పినా ఆయన ముందు అడిగేది అదే. పెళ్లిచూపుల్లో అమ్మాయి చక్కగా పాడుతుందంటే, "విన్నదెవరు?" అన్నాడట. ఆ అమ్మాయినే చేసుకున్నాడు గానీ, ఆవిడ ఇంతవరకూ ఆయనకు ఒక్క పాటా వినిపించలేదు.

వారానికోసారి వాళ్ల ముందుగదిలో ప్రార్థన కూడిక. తాళంచెవుల గుత్తులు పక్కకు నెట్టి బల్లలు వేసేవాళ్లు. ఒక సాయంత్రం పాస్టరు గారు యేసును పట్టుకుపోయిన రాత్రి గెత్సేమనే తోటలో జరిగిన సంగతి చెబుతున్నారు. యేసు కాస్త దూరం వెళ్లి ఒంటరిగా ప్రార్థించాడు, శిష్యులేమో నిద్రపోయారు.

"ఆగండయ్యగారూ," అన్నాడు మేస్త్రి. "అందరూ నిద్రపోతే ఆ ప్రార్థన విని చెప్పిందెవరు?"

"తర్వాత ఆయనే చెప్పి ఉండొచ్చు."

"ఎప్పుడు? వెంటనే భటులొచ్చి పట్టుకుపోయారుగా?"

"బావా, నీకు తాళం తీయడం కన్నా బిగించడమే బాగా వచ్చు," అన్నాడు బావమరిది.

పాస్టరు గారు కళ్లజోడు తుడుచుకుని, "ప్రార్థన చేసుకుందాం," అన్నారు. ఆయన ప్రార్థన ఒక పట్టాన తెమలదు. మేస్త్రి పొద్దుటి నుంచీ ఒక మొండి ఇనప్పెట్టెతో కుస్తీ పట్టి ఉన్నాడేమో, కాసేపటికే గురక మొదలైంది. అందరూ ఆమేన్ అన్నాక భార్య మోచేత్తో పొడిచింది.

"నేను నిద్రపోలేదు!" ఉలిక్కిపడ్డాడు. "అంతా విన్నాను. బస్సులు నడిపేవాళ్లను చల్లగా చూడమన్నారు. అన్నారా, లేదా?"

"అన్నాను," ఒప్పుకున్నారు పాస్టరు గారు. "ఆ తర్వాత?"

మేస్త్రి పక్కనున్న గుత్తి అందుకుని తాళంచెవులు లెక్కపెట్టసాగాడు.

"పాపం, ఆ శిష్యులకూ కునుకు పట్టేలోపు రెండు ముక్కలు వినబడి ఉంటాయండీ," అంది భార్య. "బైబిల్లో రాసింది కూడా రెండు ముక్కలేగా!"

గది గొల్లుమంది. మేస్త్రి మొహం కందగడ్డయింది. కానీ ఆ నవ్వు ఆయనకూ అంటుకుంది; పొట్ట పట్టుకుని బల్ల మీద నుంచి జారిపోయాడు.

"అయితే అయ్యుండొచ్చు. కచ్చితంగా ఎవరం చెప్పగలం?" అన్నారు పాస్టరు గారు, కళ్లు తుడుచుకుంటూ.

"పొద్దంతా తిరిగి తిరిగి అలిసిపోయిన మనుషులు," అన్నాడు మేస్త్రి మెల్లగా. ఇన్నాళ్లూ ఆ శిష్యులను గోడమీది పటాల్లాగే చూశాడు.

మరుసటి వారం, యేసు ఎవరో తెలియదని శిష్యుడైన పేతురు బొంకిన ఘట్టం వచ్చింది. అందరూ మేస్త్రి వైపే చూశారు.

"ఇది చెప్పింది పేతురే అయ్యుంటాడు," అన్నాడాయన. "తన పరువు తనే తీసుకున్నాడు చూడండి! నేనైతే ఛస్తే చెప్పను."

"ఆ సంగతి నాకు తెలీదా?" అంది భార్య.