జ్వరం అంగి మార్చింది

మొన్న సోమవారం పొద్దున ప్రత్యేక రాష్ట్ర దీక్షా శిబిరంలో చాపలు పరుస్తుంటే ఫోన్ వచ్చింది. మా నర్సమ్మ పోయిందని. హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోతుంటే జనగామ దాటకముందే ఊపిరి ఆగిపోయిందట. ఫ్లూ జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగిందని డాక్టర్లు చెప్పారు. వారం కిందటి దాకా మా దంతాలపల్లి చుట్టూ ఉన్న తండాల్లో టీకాల డబ్బా భుజాన వేసుకుని తిరిగిన మనిషి.

నాలుగు మాటలు రాయమని మిత్రులు అడిగారు. ఏడుస్తూ రాయాల్సిన మాటలు కోపంతో రాస్తున్నాను, మన్నించండి. అంత్యక్రియల దగ్గర, ఆమె పనిచేసే ఆరోగ్య శాఖ ఆఫీసు తరఫున దండ పట్టుకొచ్చిన ఒక పెద్దమనిషి పక్కవాడితో అన్న మాట నా చెవిన పడింది. "ఊరందరికీ సూదులేసిన మనిషే జ్వరంతోని పాయె. ఆమె గూడ టీకా ఏసుకున్నదే గదా. ఇగ సూదులెందుకు?" పక్కవాడు తలూపాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె ఇరవై ఏళ్ల చాకిరీని ఒక్క మాటతో తీసిపారేశారు, అదీ చితి ఇంకా ఆరకముందే.

ఆమె తండా బిడ్డ. ఉద్యోగం భూపాలపల్లి అడవి పల్లెల్లో మొదలుపెట్టి మా దగ్గర స్థిరపడింది. తండాలో ఇంటి భాష, ఊళ్లో తెలుగు, సాయిబుల గల్లీలో ఉర్దూ. ఆటో ఎక్కితే డబ్బాను ఒళ్లో పెట్టుకునేది. దాని మీద ఎవరూ చెయ్యి ఆనించకూడదు. "చంటిపిల్ల లెక్క సారూ. ఎండా తగలొద్దు, గడ్డా కట్టొద్దు" అనేది.

ఒకసారి ఏదో ట్రైనింగులో లేచి ప్రశ్న అడిగిందట. "నిరుడేసిన ఫ్లూ సూది ఈయేడు ఎందుకు పనికి రాదు?" అని. ఆమె యాసకు హాలంతా నవ్వింది. పాఠం చెప్పే ఆయన కూడా నవ్వాడు. మన యాస వింటే నవ్వడం వాళ్లకు అలవాటే కదా, దాన్ని హాస్యగాళ్ల నోట పెట్టి సినిమాలు నేర్పాయి. ఆమె మాత్రం కూర్చోలేదు. "నవ్వుడైనంక జెప్పున్రి సారూ, నేను నిలబడే ఉంట" అన్నది. జవాబు రాబట్టుకునే కూర్చుంది. ఆ జవాబును మా అందరికీ అర్థమయ్యేలా చెప్పడానికి ఆమెకు పనికొచ్చింది మాత్రం నా అంగి.

మహబూబాబాద్ స్టేషన్‌లో రైలు పట్టాల మీద కూర్చున్న రోజది. నేను చిలకపచ్చ అంగి వేసుకున్నాను. తెలుగు పంతుల్ని, గొంతు పెద్దది, నినాదాలు నావే. నర్సమ్మ దెబ్బలు తగిలినవాళ్లకు కట్లు కట్టడానికి వచ్చింది. మధ్యాహ్నానికి పోలీసులు "పచ్చంగి సారు" కోసం వెతకడం మొదలుపెట్టారు. ఆమె నా చెయ్యి పట్టి గోడ వారకు లాగింది.

"సారూ, జల్దీ అంగి ఇప్పున్రి."

"ఏందక్కా, అందరి ముందట..."

"జైల్ల సిగ్గువడుదురు గని, ముందుగాల ఇప్పున్రి!"

ఆమె వెంట వచ్చిన తమ్ముడు తన గళ్ల అంగి విప్పి నాకిచ్చి బనీను మీద నిలబడ్డాడు. నా పచ్చంగి ఆమె సంచిలోకి పోయింది. పోలీసులు నా భుజం రాసుకుంటూ వెళ్లారు. ఒకతనైతే "పచ్చంగాయన ఎటు పోయిండు?" అని నన్నే అడిగాడు.

తమ్ముడికి ఇమ్మని గళ్ల అంగి తర్వాత ఆమె చేతికే ఇచ్చాను. కానీ రెండు అంగీలూ ఆమె సంచిలోనే ఉండిపోయాయి. ఎందుకో ఆ చలికాలం ఆమె వెంట తండాకు వెళ్లినప్పుడు తెలిసింది. ఒక ముసలవ్వ ఆమెను నిలదీసింది. "గీ జ్వరం నిరుడే వచ్చిపాయె గదనే, మల్లెందుకొచ్చె? పిల్లలకు తట్టు సూది ఒకటి రెండు మాట్ల ఏస్తే ఐపాయె. దీనికేమో ఏడాదికోటి గావాల్నంటివి!"

నర్సమ్మ చీర మీద పచ్చంగి తొడుక్కుంది. తండా అంతా నవ్వింది. "మన ఒంట్ల కావలోళ్లు ఉంటరు. నిరుడు జ్వరం పురుగు గీ పచ్చంగి మీద వచ్చింది. కొట్లాడిన్రు, గుర్తువెట్టుకున్నరు." తర్వాత అది విప్పి గళ్లది తొడుక్కుంది. "ఈయేడు గిట్లొచ్చింది. కావలోళ్లు పచ్చంగిని ఎతుకుతనే ఉండె, గిది పక్కపొంటి లోపటికి పాయె. మన సారును పోలీసోళ్లు ఇడిసిపెట్టినట్టు!" నా వైపు చూపించింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అంగి ఎలా మారుతుందో ఇంటికి నడుస్తూ నాకు చెప్పింది. ఆ పురుగు లోపల తన నకళ్లు తానే రాసుకుంటుందట, మా పిల్లల చూచిరాతలాగా తప్పులతో. తప్పుల్లో చాలావరకు ఆ నకలునే చెడగొడతాయి. ఒకటి రెండు మాత్రం దాని పైరూపును కాస్త మారుస్తాయి, ఆ మారినదే కావలి దాటుతుంది. ఒక్కోసారి పంది ఫ్లూ, పక్షి ఫ్లూ, మనిషి ఫ్లూ కలిసి పూర్తిగా కొత్త వేషమే తయారవుతుంది. టీకా చేసేవాళ్లు నెలల ముందే, రాబోయే ఏడు ఏ వేషం వస్తుందో అంచనా వేసి మొదలుపెట్టాలి. టీకా తయారయ్యేలోపు అది మళ్లీ మారవచ్చు.

"అంగి మార్చినా పుట్టుమచ్చ మారదు గద సారూ. గా మచ్చను గుర్తువట్టే టీకా కోసం ఎతుకుతున్నరట. గది దొరికెదాక ఏడాదికోటి ఏసుకునుడే" అంది.

స్వైన్ ఫ్లూ భయంతో సిబ్బందికి ఒకసారి టీకా ఇచ్చారు. మరుసటి ఏడు ఊసే లేదు. తనకూ, తండాల్లోని గర్భిణులకూ, ముసలివాళ్లకూ కొత్త టీకా కావాలని అర్జీ రాసిపెట్టమని నా దగ్గరికి వచ్చింది. నేను ఉద్యమంలో తలమునకలై ఉన్నాను. "రాష్ట్రం రానియ్యక్కా, అన్నీ అడుగుదం" అన్నాను. ఆమె కోప్పడలేదు. "జ్వరం రాష్ట్రం దాక ఆగుతదా సారూ?" అని మాత్రం అంది. నెల తిప్పించుకుని రాశాను. అందుకే ఈ కోపంలో సగం నా మీదే.

అర్జీ తీసుకున్న అధికారి దాన్ని పూర్తిగా చదవనైనా లేదు. "నిరుడు వేయించుకున్నావు కదమ్మా, ఇంకా ఎన్నిసార్లు?" అన్నాడట. అక్షరం రాని అవ్వ అడిగి, జవాబు విని నేర్చుకున్న సంగతి అది. గోడకు డిగ్రీ పట్టాలు తగిలించుకున్నాయనకు తెలియలేదు. తెలుసుకోవాలన్న బుద్ధి కూడా పుట్టలేదు. ఆమెను పాత టీకాతోనే దగ్గేవాళ్ల మధ్యకు పంపారు.

కొత్తది వేసుకుని ఉంటే బతికేదా? ఏమో. ఫ్లూ టీకా ప్రతిసారీ జ్వరాన్ని ఆపగలదని కాదు, చాలామందికి జబ్బును తేలిక చేస్తుంది, అంతే. ఆ మాట దాచకుండా చెప్పేది ఆమే. కానీ దండ తెచ్చిన పెద్దమనిషీ, టీకా ఓడిపోయిందని మీరెలా అంటారు? ఈ ఏటి టీకా మీరు ఆమెకు ఇచ్చిందెప్పుడు?

మూడో రోజు తండాకు వెళ్లాను. తమ్ముడు ఆమె సంచి తెచ్చి ముందు పెట్టాడు. లోపల రెండు అంగీలూ ఉతికి, మడత పెట్టి ఉన్నాయి. ఆ ముసలవ్వ వచ్చి నా పక్కన కూర్చుంది. పచ్చంగిని ఒళ్లోకి తీసుకుంది.

"సారూ, ఈయేడు జ్వరం ఏ అంగి ఏసుకోనొచ్చిందో ఎవలన్న చూసిన్రా?"

అడుగుతూనే అవ్వ ఆ ఖాళీ అంగికి పైనుంచి కిందికి ఒక్కొక్క గుండీ పెట్టడం మొదలుపెట్టింది.