పాదాలు వెనక్కి తిరిగిన ఏనుగు

మా పక్కవాటా వదినను వీధంతా కుట్టుమిషను వదిన అనే పిలుస్తుంది. నలభై ఏళ్ళుగా చొక్కాలు కుడుతోంది. ఒకసారి కూతురికి జ్వరం వస్తే, మిగిలిన గుడ్డముక్కలతో ఒక ఏనుగును, ఒక కోతిని కుట్టి ఇచ్చింది. ఆ హడావిడిలో ఏనుగు పాదాలు వెనక్కి తిరిగిపోయాయి. విప్పి సరిచేస్తానంటే పిల్ల బొమ్మను వదల్లేదు.

మేడమీద అద్దెకుండే బడిపంతులుగారు అది చూసి కథ రాశారు. ఏనుగు ముందుకు వెళ్దామనుకుంటుంది, వెనక్కి పోతుంది. అందరూ ముందుకెళ్ళి వెతికితే, వెనకబడిపోయిన కోతి దీనికే దొరుకుతుంది. ఆ పుస్తకం తెలియని పిల్లలు లేరిప్పుడు. బొమ్మలు గ్రంథాలయంలో అద్దాలపెట్టె ఎక్కాయి.

ఈమధ్య అక్కడి అధికారి వదినకు కబురంపాడు. ఎందుకో తెలుసుకోకుండా నేనెలా ఉంటాను? వెంట వెళ్ళాను.

"వచ్చేవారం పెద్ద ప్రదర్శనమ్మా. ఈ పాదాలు సరిచేసి పెట్టండి. చూసినవాళ్ళు ఏనుగా, దయ్యమా అంటారు."

"అననీ నాయనా. తప్పు కుట్టింది నేను, పరువు పోయేది నాది. నీకెందుకు బెంగ?"

"మీరు చేయకపోతే ఇంకో దర్జీని పిలుస్తాం."

మర్నాడు గ్రంథాలయం తలుపులు తీసేసరికి వదిన మడతకుర్చీతో వెళ్ళి పెట్టె ముందు కూర్చుంది. చొక్కాలకు గుండీలు కుట్టుకుంటూ, మూసేదాకా కదల్లేదు. రెండోరోజూ అంతే. మూడోరోజు దర్జీ వచ్చాడు. వదిన దగ్గర పని నేర్చుకున్నవాడే.

"ఊఁ, విప్పరా, చూస్తాను," అంది.

"నీ కుట్టు నేను విప్పడమా అత్తా! నా చేతులు పడిపోవూ?" అంటూ కత్తెర సంచిలో పెట్టేసుకుని వెళ్ళిపోయాడు.

అధికారికి ఒళ్ళు మండింది. "ఏమిటమ్మా మీ పంతం?"

"పుస్తకం చదివావా బాబూ?"

"చిన్నప్పుడు..."

"మరి పాదాలు తిప్పేస్తే ఏనుగు తిన్నగా ముందుకు పోతుంది. కోతిని నువ్వు వెతికి తెస్తావా?"

అతను పెట్టె మీదికి వంగి, ఏనుగు పక్కనున్న కోతిని చూశాడు.

"పోనీ, ఉతికించనా?"

"రంగు దిగిపోతుంది. దులుపు, చాలు."

దులిపించి, పెట్టెకు తాళం వేయించాడు. వదిన తాళం లాగి చూసి, అప్పుడు కుర్చీ మడిచింది.